తాళము వేసిన జాబులు

గడచిన సంవత్సరము అర్ధసంవత్సర పరీక్షలు ముగిసిన దినమున తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు వరండాలో నన్నాపి యొక ప్రశ్న వేసెను. "మాస్టారూ, ఫోనులో ఎవరితోనైన సంభాషణ మొదలుపెట్టునప్పుడు, ఈ మాటలను మీరిద్దరు తప్ప మఱెవ్వరును చదువజాలరని పైన చిన్న యక్షరములతో వ్రాసియుండును గదండీ. అది నిజమైతే మీ డబ్బు ఎట్లు పోయినదండీ?"

నాకు కలిగిన నష్టము అప్పటికే పాఠశాలయంతటను తెలిసిపోయినది. పిల్లవాడు ఎగతాళికి అడుగలేదు. నిజముగా తెలియకయే యడిగెను. గంట కొట్టుచుండగా నిలువుకాళ్లపై నేను చెప్పిన సమాధానము వానికి చాలలేదు, నాకును చాలలేదు. మన పాఠశాల ప్రకటనలు, మార్కులు, ఫీజు సంగతులు, ఆటలపోటీల ఫోటోలు అన్నియు నేడు ఈ మార్గముననే తల్లిదండ్రులకు చేరుచున్నవి గనుక ఆ సమాధానమును సావకాశముగా ఇచ్చట వ్రాయుచున్నాను. నా డబ్బు సంగతి తరువాత వచ్చును.

ఆ చిన్న యక్షరముల పంక్తి అబద్ధము కాదు. అయితే అది యేమి వాగ్దానము చేయుచున్నదో, యేమి చేయుట లేదో మొదట తెలిసికొనవలెను. మన పెద్దలు పోస్టుకార్డు వ్రాయునపుడు ఇంటి గుట్టు అందులో వ్రాసెడివారు కారు. టపా సంచి కట్టువాడు మొదలు వీధిలో పంచువాని వఱకు ఎవ్వరైనను కార్డును చదువవచ్చును. పల్లెలలో చదువురాని యింటికి కార్డు వచ్చినయెడల పోస్టుమానే చదివి చెప్పి పోయెడివాడు. అది వారికి ఉపకారమే. గుట్టు మాట యున్నప్పుడు మాత్రము కవరు కొని, అంటించి పంపెడివారు.

ఫోనులో మనము పంపు సందేశము నా ఫోనునుండి మీ ఫోనునకు తిన్నగా పోదు. నడుమ ఆ సేవ నడుపు సంస్థవారి పెద్ద కంప్యూటరులున్నవి. అచ్చట మజిలీ చేసి, మీ ఫోను మేల్కొనియున్నప్పుడు మీకు చేరును. చాలకాలము ఈ సందేశములు పోస్టుకార్డులే. తరువాత దారిలో కవరు తొడిగిరి గాని మజిలీ చేరగనే కవరు విప్పి, మఱల క్రొత్త కవరులో అంటించి పంపుచుండిరి. మజిలీలో నున్నవాడు చదువదలచినచో చదువగలడు. ఈ కొన మొదలు ఆ కొన వఱకు తాళము వేయుట యనగా, పంపువాని ఫోనులోనే తాళము పడి, అందుకొనువాని ఫోనులో మాత్రమే తెఱువబడుట. నడుమనున్న సంస్థ పెట్టెను మోయును. దాని చేతిలో తాళపుచెవి యుండదు. ఆ పంక్తి చెప్పునది ఇంతమాత్రమే.

గూఢలిపి యనునది క్రొత్త విద్య కాదు. రోమకుల సేనాని జూలియస్ సీజరు ప్రతి యక్షరమునకు బదులుగా వరుసలో దాని తరువాత మూడవ స్థానమున నున్న యక్షరమును వ్రాసి రహస్యపు జాబులు పంపెడివాడు. మీరు విరామ సమయములో క్రింది తరగతివారికి తెలియకుండ క-భాషలో మాటలాడుకొనుట యును ఆ జాతిలోనిదే. ఈ పద్ధతులన్నిటికిని ఒకటే చిక్కు. కిటుకు ఇరువురకును ముందుగా తెలిసియుండవలెను. ఎదుటివాడు దూరదేశమున నున్నచో కిటుకును వానికి చేర్చుటెట్లు? దానిని పోస్టుకార్డుమీద వ్రాసి పంపినయెడల ఇంక దాచినదేమి? రెండువేల యేండ్లపాటు రాజులును, రాయబారులును, సేనాపతులును ఈ చిక్కుతోనే కుస్తీపట్టిరి. నమ్మకమైన మనుష్యుని చేతికి తాళపుచెవి నిచ్చి పంపుట తప్ప వేఱు మార్గము కనబడలేదు.

1976లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునందు విట్‌ఫీల్డు డిఫీ, మార్టిన్ హెల్మన్ అను ఇరువురు ఆ మార్గమును చూపిరి. 1977లో రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ అను మువ్వురు దానికి చక్కని గణితరూప మొకటి యేర్పఱచిరి. అదే రూపమును క్లిఫర్డు కాక్స్ అను ఆంగ్లేయుడు 1973లోనే కనుగొనెను. కాని యాతడు ప్రభుత్వపు రహస్యశాఖలో ఉద్యోగి యగుటచే 1997 వఱకు ఆ మాట లోకమునకు తెలియనేలేదు. రహస్యములను గుఱించిన విద్య తానే యొక రహస్యమై యుండిపోయినది!

ఆ యుపాయమును మన హాస్టలు పెట్టెతో చెప్పెదను. ఇంటినుండి పిల్లవానికి బస్సులో ఒక పెట్టె పంపవలెను. తల్లి తాళము వేసి పంపినచో చెవి వాని కెట్లు చేరును? కండక్టరు చేతికే యిచ్చినచో తాళ మెందులకు? అందుచేత పిల్లవాడే యొక తాళపుకప్పను కొని, చెవిని తన మెడలో కట్టుకొని, నోరు తెఱచియున్న కప్పను మాత్రము ఇంటికి పంపును. తల్లి పెట్టెలో జంతికలును ఐదువందల రూపాయలును పెట్టి, కప్పను నొక్కి మూయును. మూసిన పిమ్మట ఆమెకే తెఱువ శక్యము కాదు. కండక్టరుకు అసలే కాదు. తెఱచినకప్పను దారిలో నూఱుమంది చూచినను నష్టము లేదు. చెవి పిల్లవాని మెడనుండి కదలనేలేదు.

గణితములో ఇటువంటి కప్ప యెట్లు సాధ్యమగునని పై తరగతులవారు అడుగవచ్చును. 53ను 97చే గుణింపుడు, 5141 వచ్చును. అర నిమిషపు పని. ఇపుడు 5141 మాత్రమే చెప్పి, ఇది యే రెండు సంఖ్యల లబ్ధమో కనుగొనుమని మీ తమ్ముని నడుగుడు. సాయంకాలము వఱకు వాడు మిమ్ములను బాధింపడు. మూయుట సులభము, తెఱచుట కష్టము. ఈ పద్ధతిలో నేడు సాధారణముగా వాడు సంఖ్య ఆఱువందల అంకెలకు మించియుండును. క్వాంటమ్ కంప్యూటరు లనునవి పెద్దవై పనిచేయునాడు ఈ లెక్కలు సులభమగునని శాస్త్రజ్ఞుల భయము. అందుచేతనే సిగ్నల్ వారు 2023లోను, ఆపిల్ వారు తమ ఐమెసేజిలో 2024లోను, వేఱొక జాతి గణితమును కూడ జతచేసిరి. నేటి జాబును దాచియుంచి రేపు తెఱువజూచు దొంగను ఇప్పుడే అడ్డగించుట కన్నమాట.

ఇంతవఱకు కథ తాళము చేయువారిది. వాడువారి కథ ఇంతకంటె విచిత్రము.

1991లో ఫిల్ జిమ్మర్‌మన్ అను అమెరికా దేశస్థుడు సామాన్యులు తమ ఈమెయిలు జాబులకు తాళము వేసికొనుటకు ప్రెట్టీ గుడ్ ప్రైవసీ అను సాధనము నొకదానిని వ్రాసి పంచిపెట్టెను. ఆ దేశపు చట్టములు అప్పుడు బలమైన గూఢలిపిని యుద్ధసామగ్రి క్రింద జమకట్టుచుండినవి. సాధనము పరదేశములకు పాకిపోయినందున ప్రభుత్వమువారు ఆయనపై కొన్ని సంవత్సరములు విచారణ నడపి, 1996లో అభియోగము మోపకయే విడిచిపెట్టిరి. ఆయన చేసిన తాళము గట్టిది. పెద్ద ప్రభుత్వములే భయపడదగినంత గట్టిది. అయినను లోకములో దానిని వాడినవారెందఱు? బహు కొలదిమంది.

ఎందుచేతనో 1999లో ఆల్మా విట్టెన్, టైగర్ అను ఇరువురు పరిశోధకులు పరీక్షించి చూచిరి. ఈమెయిలు వాడుక తెలిసిన పండ్రెండుగురిని పిలిచి, తొంబది నిమిషముల గడువిచ్చి, ఒక రహస్యపు జాబునకు ఈ సాధనముతో సంతకము చేసి తాళము వేసి పంపుమనిరి. మూడవవంతు మంది మాత్రమే సరిగా చేయగలిగిరి. నాలుగవవంతు మంది పొరపాటున తాళము లేకయే రహస్యమును పంపివేసిరి. కొందఱు అందుకొనువాని కప్పకు బదులు తమ కప్పనే వేసి పంపిరి. దానిని వారుతప్ప ఎవ్వరును తెఱువలేరు. ఇరువదియేండ్లు పైబడి బోధించిన నాకు ఈ ఫలితములు చూడగనే ఒక సంగతి స్ఫురించినది. తరగతిలో మూడింట రెండువంతులు తప్పినపుడు లోపము పిల్లలలో గాక ప్రశ్నపత్రములోనే యుండును.

మఱియొక నిదర్శనము. 2012 డిసెంబరులో గ్లెన్ గ్రీన్‌వాల్డు అను పత్రికారచయితకు సిన్‌సినేటస్ అను మాఱుపేరుతో ఎవరో జాబు వ్రాసి, తాళము వేయు సాధనమును పెట్టుకొనిన గాని తన సంగతి చెప్పనని కోరెను. గ్రీన్‌వాల్డు రేపు మాపని వాయిదావేసెను. ఎట్లు పెట్టుకొనవలెనో చూపుచు ఒక పాఠమే తయారుచేసి పంపినను ఆయన చేయలేదు. విసిగిన యా వ్యక్తి, ఈ విద్య ముందే తెలిసిన లారా పోయిట్రస్ అను చిత్రనిర్మాతకు వ్రాసెను. ఆ వ్యక్తియే ఎడ్వర్డు స్నోడెన్. అమెరికా ప్రభుత్వము ఎంత విస్తారముగా జనుల సందేశములను ప్రోగుచేయుచున్నదో తెలిపిన వార్త 2013 జూనులో లోకమంతటను మ్రోగెను. గ్రీన్‌వాల్డు చివరకు దానిని వ్రాసినవారిలో ఒకడయ్యెను గాని, బద్ధకముచేత దాదాపు చేజార్చుకొనెను. వృత్తిచేతనే రహస్యములు కాపాడవలసిన విద్వాంసుడు చేయలేని పనిని మన వీధిలోని కూరగాయల వర్తకుడు చేయునా?

పైగా ఒక చేత చప్పట్లు మ్రోగవు. నేనొక్కడను తాళపుకప్పను కొనినచో లాభము లేదు. నాకు వ్రాయువానియొద్దను ఆ సాధనమే యుండవలెను. ఇంకొకటి యున్నది. ఊరిలో ఒక్క యింటికే తాళమున్నయెడల దొంగల చూపు ఆ యింటిమీదనే పడును. అన్ని యిండ్లకును తాళములున్నప్పుడు నిజముగా దాచుకొనవలసినవానికి మఱుగు దొరకును. భర్త కొట్టుటను గుఱించి అక్కకు వ్రాయు స్త్రీకి గాని, వైద్యునకు తన వ్యాధి తెలుపుకొను యువకునకు గాని, మన గుడ్ మార్నింగు పువ్వులబొమ్మలు తాళము వేసికొని పోవుటవలన నిజమైన మేలు కలదు. ఆ బొమ్మలవలన నేను చూచిన ఉపయోగము ఇదొక్కటియే.

ఈ ముడిని విప్పినది గట్టి గణితము కాదు, వాడువానిపై జాలి. మాక్సీ మార్లిన్‌స్పైక్ అనునాతడును ఆయన సహచరుడును 2010లో టెక్స్ట్‌సెక్యూర్ అను సాధనమును వెలువరించిరి. అదియే తరువాత సిగ్నల్ ఆయెను. ట్రెవర్ పెరిన్‌తో కలసి మార్లిన్‌స్పైక్ యేర్పఱచిన పద్ధతిలో రెండు నేర్పులున్నవి. మొదటిది: పూర్వపు పద్ధతులలో కొన్ని ఇరువురును ఒకేసారి మేల్కొనియున్న గాని పనిచేయవు. ఇందులో హాస్టలు పిల్లవాడు తెఱచిన కప్పలను గుత్తిగా ముందే ఆఫీసులో ఇచ్చియుంచును. తల్లి ఎప్పుడు వచ్చినను ఒకటి తీసికొని పెట్టె మూయవచ్చును, వాడు నిద్రించుచున్నను సరే. రెండవది: తాళపుచెవి ప్రతి సందేశమునకును మాఱిపోవును. బావి గిలకకు వెనుకకు తిరుగకుండ కొక్కెము వేసినట్లు, చెవి ముందునకే గాని వెనుకకు తిరుగదు. నేడు ఒక చెవి దొంగచేత పడినను, తెఱచి చెఱిపివేసిన నిన్నటి పెట్టెలు దానితో తెఱువబడవు.

2016 ఏప్రిలు 5వ తేదీన వాట్సాప్ సంస్థ ఈ పద్ధతిని తన వాడుకరులందఱకు అమలుపఱచితినని ప్రకటించెను. వారు నూఱుకోట్లకు పైబడిన జనులు. ఒక్కరును ఒక్క మీట నొక్కలేదు. ఒక్కరును ఒక్క పాఠము చదువలేదు. పాతికయేండ్లు పండితులు ఉపన్యాసములిచ్చి సాధింపలేనిది, అడుగకయే ఇచ్చుటచేత సాధ్యమాయెను. ఒకప్పుడు నేను, జనులకు తాళముల విద్య నేర్పినగాని రక్షణ లేదని వాదించెడివాడను. ఉపాధ్యాయుడు గనుక అన్నిటికిని పాఠమే మందనుకొంటిని. ఈ విషయమున నా యభిప్రాయము తప్పు. ఫేస్‌బుకు వారి మెసెంజరులో ఈ తాళము తనంతట తానే పడుట 2023 డిసెంబరులో గాని మొదలుకాలేదు. టెలిగ్రాములో నేటికిని సాధారణ సంభాషణలకు ఈ విధమైన తాళము లేదు. రహస్య సంభాషణ అను వేఱు గదిని కోరి తెఱచినచో మాత్రమే యుండును. ఆ గది యున్నదని ఎఱుగనివారే నాకు తెలిసినవారిలో ఎక్కువ.

జనులు ఒక సాధనమును గట్టిదనము చూచి యెన్నుకొనరు; బంధువులెచ్చట నున్నారో అచ్చటికి పోవుదురు. ఒకమాఱు నేను మా ఉపాధ్యాయ బృందమును సిగ్నల్‌కు మార్పజూచితిని. నలుగురు చేరిరి. నెల తిరుగకముందే వారిలో ఒకరు, "మాస్టారూ, ఇచ్చట మనము నలుగురము తప్ప పురుగు కూడ లేదు" అని వ్రాసిరి. దానికి జవాబు నేనును పాత చోటనే వ్రాసితిని.

ఇంక నా డబ్బు సంగతి. కప్పను కొడుకు పంపెనని తల్లి నమ్ముచున్నది. కాని దారిలో కండక్టరు దుష్టుడై, పిల్లవాని కప్పను జేబులో వేసికొని, తన కప్పను ఆమె కిచ్చినచో? ఆమె దానినే మూసి పంపును. వాడు తన చెవితో తెఱచి, జంతికలు తిని, మిగిలినవానిని పిల్లవాని కప్పతో మఱల మూసి అందించును. తల్లికిని పిల్లవానికిని అనుమానమే రాదు. ఫోనులో కప్పలను పంచు ఆఫీసు ఆ సంస్థదే. అది న్యాయముగా పంచుచున్నదని మనము నమ్ముచున్నాము. నమ్మక పరీక్షింపదలచినవారికొఱకు సిగ్నల్, వాట్సాప్ రెండింటిలోను ఒక యేర్పాటు కలదు. ప్రతి ఇరువురకును అఱువది అంకెల సంఖ్య యొకటి యుండును. ఇరువురు కలిసికొనినప్పుడు రెండు ఫోనులలోని సంఖ్యయు ఒకటేయైనచో నడుమ కండక్టరు లేడని రూఢి. ఎవరైన ఫోను మార్చినచో కప్ప మాఱును, సంఖ్యయు మాఱును. కోరినవారికి ఆ మార్పును తెలుపు పంక్తి సంభాషణలో కనబడును.

నేను ఆ పంక్తిని కోరినవాడనే. పదవతరగతి పిల్లలకు ఈ పాఠము చెప్పిన దినముననే నా ఫోనులో దానిని ఏర్పాటు చేసికొంటిని. మొదటి నెలలోనే పదిపదునైదు మార్లు కనబడినది. ఒకరు క్రొత్త ఫోను కొనిరి, ఒకరి ఫోను నీళ్లలో పడినది. ప్రతిదానికిని కారణము నిర్దోషమైనదే. క్రమముగా నేను చదువుట మానితిని. తరువాత ఒకనాటి రాత్రి, వేఱొక ఊర పనిచేయు నా పాత మిత్రుని పేరిట, ఆసుపత్రిలో నున్నాను, 8,000 రూపాయలు వెంటనే కావలెనని సందేశము వచ్చెను. దానికి సరిగా పైన, కప్ప మాఱినదను పంక్తి యుండెను. కన్నులతో చూచితిని. డబ్బు పంపితిని. జరిగినదేమనగా, ఆ సాయంకాలము ఎవరో మిత్రునకు ఫోనుచేసి, మాటలలో పెట్టి, ఆయన ఫోనునకు వచ్చిన ఆఱంకెల సంఖ్యను చెప్పించుకొనిరి. ఆ సంఖ్యతో ఆయన పేరును తమ ఫోనులోనికి మార్చుకొనిరి. ప్రభుత్వమువారి 1930 నంబరునకు నేను ఫిర్యాదు చేయుటలో ఒక దినము జాగుచేసితిని. డబ్బు తిరిగి రాలేదు.

పిల్లవాని ప్రశ్నకు జవాబిదియే. ఆ రాత్రి నేను వ్రాసిన మాటలను ఆ దొంగయు నేనును తప్ప మఱెవ్వరును చదువలేదు. చిన్న యక్షరముల వాగ్దానము అక్షరాల నెరవేరినది. తాళము దారిని కాపాడునే గాని, ఆ కొనను కూర్చున్నది ఎవరో చెప్పదు. చెప్పవలసిన అఱువది అంకెలను నేను చూడలేదు. నావంటివారు చూడరని సాధనములు చేయువారికిని తెలియును. అందుచేత 2023లో వాట్సాప్ వారు, ఎవరికి ఏ కప్ప యిచ్చితిమో మాటిమాటికి దిద్ద వీలులేని బహిరంగపు చిట్టాలో వ్రాసి, ఫోనే తనంతట సరిచూచుకొను పద్ధతిని ప్రారంభించిరి. ఇది కండక్టరును పట్టును గాని, మిత్రుని మాటలలో పెట్టినవానిని పట్టదు. దానికి మందు, ఎవ్వరికిని ఆఱంకెలు చెప్పకుండుటయు, రెండవ కాపుగా మన సొంత రహస్యసంఖ్యను ఫోనులో ఏర్పఱచుకొనుటయు. మిత్రుడు ఆ రెండవది ఇప్పుడు చేసికొనెను. తల్లిదండ్రులు ఈ రాత్రియే చేసికొనవచ్చును. రెండు నిమిషముల పని.

ఇతర రంధ్రములను త్వరగా చెప్పెదను. కవరు మూసినను పైన చిరునామా కనబడును. ఎవరు ఎవరికి ఎప్పుడు వ్రాసిరో సంస్థకు తెలియవచ్చును. 2016లో అమెరికా న్యాయస్థానపు ఆజ్ఞ వచ్చినపుడు సిగ్నల్ వారు, ఖాతా తెఱచిన సమయమును, చివరిసారి కలిసిన తేదీని మాత్రమే ఇయ్యగలిగిరి. వారు తక్కినవి దాచుటయే లేదు. అన్ని సంస్థలును అట్లు చేయవు. ఇంక పెట్టె తెఱచి తినుచున్న పిల్లవాని భుజమువెనుక ఎవరైన నిలిచి చూచినచో తాళమేమి చేయును? 2019లో ఎన్‌ఎస్‌ఓ అను ఇజ్రాయేలు సంస్థ చేసిన పెగాసస్ అను గూఢచారి సాధనము సుమారు 1,400 ఫోనులపై ప్రయోగింపబడినదని వాట్సాప్ వారు దావా వేసిరి. 2025 మార్చిలో అమెరికా ప్రభుత్వపు పెద్దలు యుద్ధవిషయములను సిగ్నల్‌లో చర్చించుకొనుచు, పొరపాటున ఒక పత్రికా సంపాదకుని తమ గుంపులో చేర్చుకొనిరి. తాళము చెక్కుచెదరలేదు, అతిథిని వారే పిలిచిరి. ఈ వార్త చదివి నేను మన తరగతి తల్లిదండ్రుల గుంపును తెఱచి చూచితిని. అందులో ముగ్గురెవరో ఎవ్వరికిని తెలియలేదు.

ఒక్క రంధ్రమువద్ద మాత్రము ఆగవలెను. సందేశముల నకలు వేఱొకచోట దాచునపుడు, ఆ నకలునకు తాళము లేనిచో పెట్టెకు తాళము వేసి లాభము లేదు. 2021నుండి వాట్సాప్‌లో ఆ నకలునకును తాళము వేసికొను వీలు కలిగినది. మన విద్యార్థి తండ్రి యొకరు నా మాటమీద అట్లు చేసిరి. గత వేసవిలో వారి ఫోను పగిలినది. క్రొత్త ఫోనులో నకలును తెఱువబోగా సంకేతపదము జ్ఞాపకము రాలేదు. అందులో గతించిన భార్య గొంతుతో పంపిన చిన్న చిన్న సందేశములున్నవి. బజారునుండి ఏమేమి తేవలెనో, పిల్ల జ్వరము తగ్గినదో లేదో, అంతే. ఆ నకలును తెఱువ సంస్థకును శక్తి లేదు. అదియే దాని గట్టిదనము. ఆయన నన్ను ఒక మాటయు అనలేదు. నాకు తెలిసిన పదములన్నియు పెట్టి చూచుచు ఒక సాయంకాలమంతయు ఆయనతో కూర్చుంటిని. తెఱువబడలేదు. ఇప్పుడు ఎవరికైన ఈ తాళము వేసికొనుమని చెప్పుటకు ముందు, సంకేతపదమును కాగితముమీద వ్రాసి ఇంటి పత్రములతో కూడ పెట్టెలో దాచుమని చెప్పుచున్నాను. గూఢలిపి పండితులు నవ్వవచ్చును.

ఇట్టి తాళములు దుష్టులకును మఱుగు గావా యను ప్రశ్న న్యాయమైనది. పసిబిడ్డలకు హానిచేయువారిని దాచునేమో యన్న భయము ఉపాధ్యాయులమైన మాకు లేకపోలేదు. మనదేశమున 2021లో వచ్చిన నియమములు, న్యాయస్థానము గాని తగిన యధికారి గాని ఆజ్ఞాపించినచో ఒక సందేశమును మొదట పుట్టించినవాని నెఱిగింపవలెనని పెద్ద సంస్థలను కోరినవి. అట్లు చేయవలెనన్న తాళమునే విరువవలసి వచ్చునని వాట్సాప్ వారు ఆ యేట మేలో ఢిల్లీ హైకోర్టు కెక్కిరి. నా మట్టుకు నాకు తోచునదేమనగా, మారుచెవి యొకటి చేయించినపిమ్మట అది మంచివారి చేతనే యుండునని పూచీపడగలవా డెవ్వడును లేడు. 2018లో పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠాలు వచ్చినవను వదంతులు ఫోనులద్వారా వ్యాపించి, దేశమున అనేకచోట్ల జనులు అమాయకులను కొట్టి చంపిరి. ఆ దినములలో తెలంగాణములోని జోగులాంబ గద్వాల జిల్లా పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరి, పోలీసులను గ్రామగ్రామమునకు పంపి, పాటలతో ప్రజలకు సంగతి వివరింపించిరి. వారు ఎవ్వరి జాబును తెఱువలేదు. ఆ పని అన్నిచోట్ల చేయుటకు మనుష్యులు చాలరనుటయు నిజమే. వాట్సాప్ వారు కూడ ఆ యేటనే మనదేశములో వచ్చిన సందేశమును ఒక్కసారి ఐదు సంభాషణలకు మించి పంపకుండ కట్టడిచేసిరి. తాళము తెఱువకయే చేయదగిన పనులు ఇట్టివి కొన్ని గలవు.

గత మాసమున పల్లెలోనున్న మా అమ్మ ఫోను మార్చినది. ఆ పంక్తి నా తెరపై కనబడగనే ఫోనుచేసి, అఱువది అంకెలు చదువుమని కోరితిని. ఆమె, "నా గొంతు వినబడుచున్నది గదా నాయనా, ఇంక అంకెలెందుకు?" అనినది. గొంతులను కూడ యంత్రములు అనుకరించు కాలము వచ్చినదని ఆమెకు చెప్ప మనసొప్పలేదు. సెలవులకు పోయినపుడు అరుగుమీద రెండు ఫోనులు ప్రక్కప్రక్కన పెట్టుకొని, నేను చదువుచుండగా ఆమె వ్రేలితో ఒక్కొక్క అంకెను చూపుచు వచ్చినది. నలుబదియవ అంకె దగ్గర లెక్క తప్పి, మఱల మొదటినుండి మొదలుపెట్టితిమి.